రియా జైలుకెళ్లింది ఏ కేసులో? సుశాంత్ మరణం చుట్టూ అల్లుకున్న గందరగోళం

సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణంలో కుట్ర ఏమీ కనిపించలేదని, ఆత్మహత్యకు ఎవరూ పురికొల్పినట్టు ఆధారాలు లేవని చెబుతూ 2025 మార్చిలో సీబీఐ ముగింపు నివేదికలు దాఖలు చేసింది. ఒకటి పట్నా కోర్టులో, ఇంకొకటి ముంబయిలో. అందులోని వివరాలు అక్టోబరులో పత్రికలకెక్కాక పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఇది కంటితుడుపు దర్యాప్తు, కోర్టులోనే తేల్చుకుంటాం అని సుశాంత్ కుటుంబం తరఫు న్యాయవాది అన్నారు. సుశాంత్ ప్రియురాలు, నటి రియా చక్రవర్తిని నెలల తరబడి హంతకురాలిగా చూపించిన ఛానళ్లు ఇప్పుడేమంటాయి అని ఇంకోవైపు నుంచి ప్రశ్న.

ఈ రెంటి మధ్యలో మామూలు జనం అడిగే మాట ఒకటుంది. ‘ఏమీ చేయకపోతే ఆమె జైలుకెందుకు వెళ్లింది? నిప్పు లేనిదే పొగ వస్తుందా?’

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకుండా ఈ వివాదం గురించి ఎన్ని రాసినా లాభం లేదు. ‘పవిత్ర రిష్తా’లో మానవ్‌గా ఇంటింటికీ చేరిన సుశాంత్ సీరియల్ వదిలి సినిమాల్లోకి వెళ్లడం, తెరమీద ధోనీ కావడం, 2020 జూన్ 14న బాంద్రా ఫ్లాట్‌లో ప్రాణం తీసుకోవడం అందరికీ తెలిసినవే. ఆ తర్వాత కొన్నాళ్లు నడిచిన వారసత్వ చర్చ, అంటే సినిమా కుటుంబాల పిల్లలకే అవకాశాలన్న గొడవ, కూడా తెలిసిందే. ఆ చర్చలో నేరస్తుడంటూ ఒకరు లేరు. బాలీవుడ్ పెద్దల మీద కోపం ఉంది కానీ వేలెత్తి చూపడానికి ఒక మనిషి దొరకలేదు.

ఆ మనిషి జులై 25న దొరికింది. సుశాంత్ తండ్రి కె.కె. సింగ్ పట్నా రాజీవ్‌నగర్ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. రియా, ఆమె కుటుంబ సభ్యులు తన కొడుకును ఆత్మహత్యకు ప్రేరేపించారని, మోసం చేశారని, ఆయన ఖాతా నుంచి 15 కోట్ల రూపాయలు మళ్లాయని అందులో ఆరోపణ. ఈ ఫిర్యాదుకు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, జులై 16న, సీబీఐ దర్యాప్తు వేయించండి అని కేంద్ర హోంమంత్రిని ట్విటర్‌లో బహిరంగంగా కోరిన మనిషి రియానే. తర్వాత ఆ సంగతి ఎవరూ గుర్తు చేయలేదు.

అయితే చాలామంది అనుకుంటున్నట్టు కథ మలుపు తిరిగింది జులై 25న కూడా కాదు. నన్నడిగితే ఆగస్టు 26న. ఆ రోజు ఏం జరిగిందో అర్థమైతే, ఇన్నేళ్ల తర్వాత సీబీఐ చెప్పినా జనం ఎందుకు నమ్మడం లేదో తెలుస్తుంది.

15 కోట్ల ఆరోపణ ఆధారంగా జులై 31న ఈడీ మనీ లాండరింగ్ కేసు పెట్టింది. డబ్బు జాడ వెతకడానికి ఫోన్లు తీసుకుంది. ఫోన్లలో పాత వాట్సాప్ చాటింగులు ఉన్నాయి. వాటిలో గంజాయి ప్రస్తావనలు కనిపించాయని ఈడీ మాదక ద్రవ్యాల కేసులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీబీకి సమాచారమిచ్చింది. ఆగస్టు 26న ఎన్‌సీబీ ఇంకో కేసు కట్టింది. ఆ చాటింగులు స్క్రీన్‌షాట్ల రూపంలో న్యూస్ ఛానళ్లలో అప్పటికే వచ్చేస్తున్నాయి. ఒక దర్యాప్తు సంస్థ దగ్గర ఉండాల్సిన ఫోన్ సమాచారం యాంకర్ల చేతికి ఎలా వచ్చిందో ఇప్పటిదాకా ఎవరూ సంజాయిషీ చెప్పలేదు.

అంటే ఒక మరణం గురించి మొదలైన దర్యాప్తు డబ్బు దగ్గరికి, డబ్బు నుంచి ఫోన్లకు, ఫోన్ల నుంచి మాదక ద్రవ్యాలకు నాలుగు వారాల్లో జారిపోయింది. సెప్టెంబరు 4న రియా తమ్ముడు షోవిక్ అరెస్టయ్యారు. 6న విచారణకు వచ్చిన రియాను ఎన్‌సీబీ కార్యాలయం బయట కెమెరాలు చుట్టుముట్టిన తీరు చూసినవారికి అది ఇప్పటికీ గుర్తుంటుంది. కోవిడ్ రోజుల్లో, దూరం పాటించమని రోజంతా చెప్పే ఛానళ్ల మైకులే ఆమె ముఖానికి తగిలేంత దగ్గరికొచ్చాయి. 8న అరెస్టు చేశారు. బైకుల్లా జైలులో దాదాపు నెలరోజులు ఉన్నారు.

ఈ అరెస్టు మాదక ద్రవ్యాల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద. ప్రేరేపణ కేసులో సీబీఐ ఆమెను ప్రశ్నించింది, అరెస్టు చేయలేదు. 15 కోట్ల కేసులో ఈడీ ప్రశ్నించింది, అదీ అరెస్టు చేయలేదు. ఆమె జైలుకు వెళ్లిన కేసుకు, సుశాంత్ ఎలా చనిపోయారన్న ప్రశ్నకు చట్టపరంగా ఏ ముడీ లేదు. టీవీ స్క్రోలింగుల్లో మాత్రం ‘సుశాంత్ కేసులో రియా అరెస్టు’ అనే వచ్చింది. తెలుగు ఛానళ్లలోనూ అంతే. ఆ రోజు చూసినవాళ్ల బుర్రలో రెండు కేసులు కలిసి ఒక్కటైపోయాయి. జైలుకెందుకు వెళ్లిందన్న ప్రశ్న పుట్టింది అక్కడే.

అక్టోబరు మొదటి వారం చూడండి. 3వ తేదీన, హత్య జరిగిందన్న అనుమానాన్ని ఎయిమ్స్ వైద్య బృందం తోసిపుచ్చిందని బయటపడింది. 7న బొంబాయి హైకోర్టు రియాకు బెయిలిచ్చింది. ఆమె డ్రగ్స్ అమ్మేవాళ్ల గొలుసులో భాగం కాదని, ఆమె నుంచి ఏమీ స్వాధీనం చేసుకోలేదని న్యాయమూర్తి సారంగ్ కోత్వాల్ రాశారు. ఎన్‌సీబీ మోపిన అభియోగాల్లో బరువైంది సెక్షన్ 27ఏ. అక్రమ రవాణాకు పెట్టుబడి పెట్టడం, నేరస్తులకు ఆశ్రయమివ్వడం దాని కిందికి వస్తాయి, కనీస శిక్ష పదేళ్లు. ఇంట్లో ఎవరో వాడుకోవడానికి డబ్బిచ్చినంత మాత్రాన అది ఈ సెక్షన్ కిందికి రాదని ఆ తీర్పు సారాంశం. ప్రముఖులైతే ఇంకా కఠినంగా ఉండాలన్న ఎన్‌సీబీ వాదననూ కోర్టు ఒప్పుకోలేదు, చట్టం ముందు అందరూ సమానమేనంది. (27ఏ వ్యాఖ్యానాన్ని ఇతర కేసుల్లో ప్రమాణంగా తీసుకోవద్దని 2023లో సుప్రీంకోర్టు అంది. బెయిలును మాత్రం ఎన్‌సీబీ అక్కడ వ్యతిరేకించలేదు.)

ఆ వారం నాటి ఈ రెండు వార్తలూ అరెస్టు వార్తంత గట్టిగా వినిపించలేదు. నెలన్నరగా ‘హత్య’ అన్న పదాన్ని రాత్రి తొమ్మిది గంటలకు అరిచిన స్టూడియోలు హత్య కాదన్న మాటను అదే గొంతుతో చెప్పలేవు కదా.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఫిర్యాదు ముంబయిలో కాకుండా పట్నాలో ఎందుకు ఇచ్చారు? కొడుకు చనిపోయింది ముంబయిలో, దర్యాప్తు అక్కడ నడుస్తోంది. సుశాంత్ కుటుంబం వాదన ఏమిటంటే, ఫిబ్రవరిలోనే అబ్బాయికి ప్రమాదముందని బాంద్రా పోలీసు అధికారికి వాట్సాప్‌లో తెలియజేసినా పట్టించుకోలేదు, అందుకే సొంత ఊళ్లో ఫిర్యాదు ఇచ్చాం అని. రాతపూర్వక ఫిర్యాదు రాలేదని ముంబయి పోలీసుల జవాబు. ఇందులో ముంబయి పోలీసుల తప్పు లేదని చెప్పలేం. వారాలు గడిచినా, 56 మంది వాంగ్మూలాలు తీసుకున్నా వాళ్లు అసహజ మరణం విచారణ దగ్గరే ఆగారు, ఎఫ్‌ఐఆర్ కట్టలేదు. ఆ ఖాళీలోకే బిహార్ వచ్చింది. విచారణకు ముంబయి వెళ్లిన బిహార్ ఐపీఎస్ అధికారి చేతిమీద అక్కడి నగరపాలక సంస్థ క్వారంటైన్ ముద్ర వేసేసరికి ఇది రెండు రాష్ట్రాల పౌరుషం సమస్యగా మారిపోయింది. ఒకచోట ఉద్ధవ్ ఠాక్రే ప్రభుత్వం, ఇంకోచోట మూడు నెలల్లో ఎన్నికలు.

ఆగస్టు 19న సుప్రీంకోర్టు పట్నా ఎఫ్‌ఐఆర్ చెల్లుతుందని, దర్యాప్తు సీబీఐ చేయాలని తీర్పిచ్చింది. ఆ తీర్పు వెలువడగానే, బిహార్ ముఖ్యమంత్రి నీతీశ్ కుమార్‌పై వ్యాఖ్యానించే స్థాయి రియాకు లేదని కెమెరాల ముందు అన్నది ఒక రాష్ట్ర డీజీపీ, గుప్తేశ్వర్ పాండే. నెల తిరగ్గానే ఆయన స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని నీతీశ్ పార్టీ జేడీయూలో చేరారు, టికెట్ మాత్రం రాలేదు. బిహార్ బీజేపీ సాంస్కృతిక విభాగం సుశాంత్ బొమ్మతో ‘మర్చిపోలేదు, మర్చిపోనివ్వం’ అని స్టిక్కర్లు అచ్చేసింది. నవంబరు 10న ఫలితాలొచ్చాయి. ఆ తర్వాత స్టిక్కర్ల ఊసే లేదు.

ఆ ఆగస్టు 31న దేశ జీడీపీ మూడు నెలల్లో 23.9 శాతం కుంగిందని ప్రభుత్వం ప్రకటించింది. సెప్టెంబరులో రోజుకు తొంభై వేలు దాటి కోవిడ్ కేసులొచ్చాయి. ఆ రోజుల ప్రైమ్‌టైమ్ చర్చల్లో మనం విన్నది చేతబడి గురించి, రియా ఇంటికొచ్చిన డెలివరీ కుర్రాడి గురించి.

ఛానళ్ల మాటకొస్తే లెక్క తేలింది కూడా. సుశాంత్ చనిపోయేముందు పెట్టి తీసేశారంటూ నకిలీ ట్వీట్లు ప్రసారం చేసినందుకు ఆజ్‌తక్‌ను క్షమాపణ చెప్పమని, లక్ష రూపాయలు జరిమానా కట్టమని వార్తా ఛానళ్ల స్వీయ నియంత్రణ సంస్థ అక్టోబరులో ఆదేశించింది. లక్ష రూపాయలు! పెద్ద హిందీ ఛానల్‌లో కాసేపు ప్రకటన నడిస్తే వచ్చే సొమ్ము అది. రిపబ్లిక్ టీవీ ఆ సంస్థలో సభ్యురాలే కాదు కాబట్టి దాని మీద ఆ మాత్రం కూడా లేదు. రియాను అరెస్టు చేయాలంటూ ఆ ఛానల్ హ్యాష్‌ట్యాగ్ నడిపింది. ఎవర్ని అరెస్టు చేయాలో జనాన్ని అడగడం పరిశోధనాత్మక జర్నలిజమా అని బొంబాయి హైకోర్టు దాని న్యాయవాదిని అడిగింది. దర్యాప్తు, వాదన, తీర్పు అన్నీ మీరే చేస్తే మేమెందుకు అని కూడా అడిగింది. 2021 జనవరి 18న 251 పేజీల తీర్పు వచ్చింది. రిపబ్లిక్, టైమ్స్ నౌ ప్రసారాలు ప్రాథమికంగా చూస్తే కోర్టు ధిక్కారమేనన్నది, కానీ చర్య తీసుకోలేదు. ఆత్మహత్యల వార్తలపై ప్రెస్ కౌన్సిల్ 2019లో పెట్టిన నియమాలు టీవీలకూ వర్తిస్తాయని చెప్పింది. ఎలా చనిపోయారో వర్ణించొద్దు, ఫొటోలు వాడొద్దు, పదేపదే చూపొద్దు అన్న నియమాలవి. ఒక్కో నియమాన్ని ఎన్నిసార్లు తుంగలో తొక్కారో లెక్కపెట్టడం అనవసరం.

హిందీ ఛానళ్ల మీద నెట్టేసి మనం చేతులు దులుపుకునే పని కూడా లేదు. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయ్‌లో చనిపోయినప్పుడు ఒక తెలుగు ఛానల్ విలేకరి స్నానపు తొట్టెలో పడుకుని మరీ చూపించాడు. అంతకు ముందు ఏడాది జులైలో డ్రగ్స్ కేసులో హైదరాబాద్ ఎక్సైజ్ సిట్ 12 మంది సినిమావాళ్లను పిలిచినప్పుడు నాంపల్లి ఆబ్కారీ భవన్ ముందు ఓబీ వ్యాన్లు బారులు తీరాయి. ఎవరు ఎన్ని గంటలు లోపల ఉన్నారు, బయటికొచ్చినప్పుడు ముఖం ఎలా ఉంది అని లైవులిచ్చారు. ఆ 12 మందిలో ఒక్కరికీ శిక్ష పడలేదు. ముంబయిలో 2020లో నడిచిన పద్ధతికి రిహార్సల్ మన దగ్గరే జరిగిందంటే అతిశయోక్తి కాదు.

పైగా రియా మనకు కొత్త మనిషి కాదు. ఆమె తొలి సినిమా 2012లో వచ్చిన ‘తూనీగ తూనీగ’. అప్పట్లో పోస్టర్ల మీద చూసిన అమ్మాయి ఈమేనని ఎనిమిదేళ్ల తర్వాత మన ఛానళ్లు గుర్తుచేశాయి, ‘టాలీవుడ్ లింకులు’ వెతకడానికి. ఆ వెతుకులాటలో నటి రకుల్ ప్రీత్ సింగ్ పేరు దొరికింది. ఆమెను ఎన్‌సీబీ పిలవకముందే పేరు టీవీల్లోకి వచ్చింది. ఆమె ఢిల్లీ హైకోర్టుకెళ్లారు. ఆ ఏడాది డిసెంబరులో స్వీయ నియంత్రణ సంస్థ కొన్ని ఛానళ్లను క్షమాపణ ప్రసారం చేయమంది. క్షమాపణ విన్నవాళ్లు ఎందరో, ఆరోపణ విన్నవాళ్లు ఎందరో పాఠకులే ఊహించుకోవచ్చు.

సుశాంత్ కుటుంబం బాధను తక్కువ చేయడం ఎవరికీ తగదు. చెట్టంత కొడుకు పోయిన తండ్రికి ఒక ప్రశ్నకు జవాబు కావాలి. సీబీఐ నివేదిక ఆ జవాబు పూర్తిగా ఇవ్వలేదని, సమర్పించాల్సిన పత్రాలు పెట్టలేదని వాళ్ల న్యాయవాది అంటున్నారు. అది కోర్టు చూసుకుంటుంది. నివేదికలో మాత్రం రియా, తమ్ముడితో కలిసి జూన్ 8నే ఆ ఫ్లాట్ వదిలి వెళ్లారని ఉంది. ఆ తర్వాత 12వ తేదీ దాకా సుశాంత్‌తో ఉన్నది ఆయన సోదరి. డబ్బు కాజేసినట్టు గానీ, ఆయన్ను నిర్బంధించినట్టు గానీ ఆధారం దొరకలేదు. ఇవేమీ నిన్న మొన్న తెలిసిన విషయాలు కావు. జూన్ 8 సంగతి 2020 ఆగస్టులోనే అందరికీ తెలుసు.

రియా కూడా అప్పట్లో సుశాంత్ సోదరీమణులపై ముంబయిలో ఫిర్యాదు ఇచ్చారు, డాక్టర్ చూడకుండానే మందులు రాయించారని. అందులోనూ సీబీఐ ముగింపు నివేదికే ఇచ్చింది. ఆ కథను ఛానళ్లు పట్టించుకోలేదు కాబట్టి దాని మీద హ్యాష్‌ట్యాగులూ లేవు.

ఇక జరగాల్సింది. పట్నా కోర్టు కుటుంబం అభ్యంతరాలు వింటుంది. నివేదికను ఆమోదించొచ్చు, తిప్పి పంపి మళ్లీ దర్యాప్తు చేయమనొచ్చు, లేదా ఉన్న ఆధారాలతోనే కేసును విచారణకు తీసుకోవచ్చు. ఎన్‌సీబీ కేసు ఈ నివేదికల పరిధిలోకి రాదు. రియాతో సహా 33 మంది మీద 2021 మార్చిలో వేసిన వేల పేజీల ఛార్జిషీటు అది, ముంబయి ప్రత్యేక కోర్టు దారిలో దానిది వేరే నడక. పట్నాలో ఏం తేలినా ఆమె దాని వాయిదాలకు హాజరు కావాల్సిందే.