జూమ్ ఉండే చిన్న కెమెరా ఇవ్వన్నా: వీధి ఫోటోల అపోహలు, వాస్తవాలు

"అన్నా, రోడ్ల మీద ఫోటోలు తీసుకోవాల, చిన్న కెమెరానే చాలు గానీ జూమ్ బాగా ఉండేది చూడు." నెల్లూరులో పాత కెమెరాలు కొని అమ్మే నా కొట్టుకి వచ్చే కుర్రాళ్లలో చాలామంది మొదటి మాట ఇదే. డబ్బులు ఎక్కువ తగలేసుకునేది కూడా ఇక్కడే.

అపోహ: 30ఎక్స్ (30 రెట్లు) జూమ్ ఉంటే ఎవరికీ తెలియకుండా దూరం నుంచే తీసేయొచ్చు.

వాస్తవం: జేబులో పట్టే కెమెరాలో అంత జూమ్ ఇరికించాలంటే సెన్సార్, అంటే వెలుతురు పట్టుకునే చిప్, చిన్నది పెట్టక తప్పదు. చిప్ చిన్నదైతే పట్టే వెలుతురూ తక్కువే. వాటిలో మామూలుగా ఉండేది 1/2.3 అంగుళాలది. సోనీ ఆర్ఎక్స్100లోని 1 అంగుళం సెన్సార్ విస్తీర్ణంలో దానికి నాలుగింతలు, రికో జీఆర్ 3లోని ఏపీఎస్-సీ అనే పెద్ద సైజు సెన్సార్ దాదాపు పదమూడింతలు. పైగా జూమ్ చివరిదాకా లాగితే అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత) ఎఫ్/6 దాటిపోతుంది, అంటే కంత చిన్నదైపోతుంది. సాయంత్రం చిన్నబజారు వెలుతురులో ఐఎస్ఓ (వెలుతురుని పెంచి చూపే సెట్టింగ్) పెరిగి ముఖం నిండా గింజలు, షట్టర్ వేగం తగ్గి నడిచే మనిషి చోట ఒక మరక. స్టెబిలైజేషన్ (ఫోటో కదలకుండా ఆపే ఏర్పాటు) ఉంది కదన్నా అంటారు. అది నీ చెయ్యి వణుకు వరకే చూసుకుంటుందబ్బాయ్, ఎదురుగా పోయే సైకిల్‌ని ఆపదు!

అదీగాక దూరం నుంచి లాగితే వీధే మిగలదు. రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువు గట్టు మీద నిలబడి ఒక పిల్లోడు జూమ్‌తో తీస్తా ఉన్నాడు. అన్నీ తలకాయలే, చెరువు లేదు, దర్గా లేదు. నా రికో జీఆర్ చేతికిచ్చి నీళ్లలోకి దిగమన్నా. జూమ్ లేని 28 ఎంఎం వెడల్పు లెన్స్ కదా, దగ్గరికి పోవాల్సిందే. భయపడుతూనే దిగాడు. ఒక పెద్దావిడ వాణ్ణి చూసి "ఉద్యోగం రొట్టె కావాలా నాయనా" అని పిలిచింది. ఫోటోలూ వచ్చాయి, రొట్టే వచ్చింది.

అపోహ: దగ్గరికి పోతే కొడతారు.

ఈ టెన్షన్ అందరికీ ఉంటుంది, అందులో తప్పేం లేదు. కానీ జనానికి అనుమానం వచ్చేది దాక్కుని తీసేవాణ్ణి చూస్తేనే. నవ్వు, తీసింది చూపించు, వద్దంటే వాళ్ల ముందే డిలీట్ చెయ్. చేతిలో ఇమిడే కెమెరా అయితే చాలామంది అసలు పట్టించుకోరు.

అపోహ: ఫోకస్ పట్టేలోపు మనిషి వెళ్లిపోతాడు.

అసలు ఫోకస్ పట్టనివ్వడం ఎందుకు? జీఆర్‌లో స్నాప్ ఫోకస్ (ముందే పెట్టుకున్న దూరానికి ఫోకస్ ఆగిపోయే సెట్టింగ్) 2 మీటర్లకి పెట్టి, అపర్చర్ ఎఫ్/8, షట్టర్ సెకనులో 1/500 వంతు, ఐఎస్ఓ ఆటోలో వదిలెయ్. మీటరు దూరం నుంచి వీధి చివరిదాకా చాలావరకు షార్ప్‌గానే ఉంటుంది, నొక్కడమే నీ పని.

మెగాపిక్సెల్స్ గోల వదిలెయ్యండి, ఏ4 ప్రింట్‌కి 9 చాలు.

బ్యాటరీ తొందరగా అయిపోతుందనేది మాత్రం అపోహ కాదు. జీఆర్ 3కి కంపెనీ చెప్పేదే 200 ఫోటోలు, కాబట్టి ఇంకోటి జేబులో వేసుకునే బయల్దేరండి.