ఎరకు ఊపిరి, దారానికి సడలింపు

ఇది చెన్నై ఉప్పుటేళ్లలో బతికున్న ఎరతో చేప పట్టడం గురించి. చెన్నై చేపల బజారులో కింగ్‌ఫిష్, అంటే ‘రాజు చేప’, అనేది వంజరం. అది బయటి సముద్రంలో తిరిగే చేప. ఉప్పుటేటి ఒడ్డున కూర్చుని దానికోసం గాలం వేయడం దండగ. ఏటి మొగల్లో తేలికపాటి రాడ్‌కు, బతికున్న ఎరకు దొరికే రాజు వేరే ఉంది. నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు అది పండుగప్ప, చెన్నైలో కొడువా. శాస్త్రనామం లేటెస్ కాల్కరిఫర్. కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, అదే సీబా, ఉన్నది చెన్నైలోనే. దాని ప్రయోగ కేంద్రం ముట్టుకాడు ఉప్పుటేటి పక్కన ఉంది. 1997లో సీబా శాస్త్రవేత్తలు హేచరీలో ఈ చేపతో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీయగలిగారు.

పండుగప్ప ఎరను కొరకదు, పీలుస్తుంది. నోరు, మొప్పల మూతలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, లోపల ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి నీళ్లతో పాటు చిన్నచేప కొట్టుకుపోతుంది. అంతా రెప్పపాటు కన్నా ముందే అయిపోతుంది. చాలామంది గాలం వేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. దారం బిగుసుకుని ఉంటే ఎర నీళ్లతో పాటు కదలలేదు. చేప పీల్చినా ఎర నోటి అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. ‘టక్’ మని తగిలింది గానీ పడలేదు అనుకునే సందర్భాల్లో చాలా వాటికి కారణం ఇదే. రాడ్ కొన కిందికి దించి, ఒక అడుగు దారం వదులుగా ఉంచాలి.

మన ఉప్పుటేళ్లలో నీరు బురదగా ఉంటుంది, చేతి లోతులో వేళ్లే కనిపించవు. అలాంటి చోట పండుగప్ప వేటాడేది కళ్లతో కాదు, ఒంటి పక్కగా తల నుంచి తోక రెక్క దాకా సాగే గీతతో. నీటిలో చిన్న చిన్న కదలికలను ఆ గీత పసిగడుతుంది. అందుకే చురుగ్గా కొట్టుకునే చిన్నచేప పది రంగురంగుల కృత్రిమ ఎరలతో సమానం. నీరసించి పక్కకు వాలిన ఎర ఉన్నా లేనట్టే.

కాబట్టి అసలు పని బకెట్ దగ్గర మొదలవుతుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు సముద్రపు నీటిలో ఇమిడే ఆక్సిజన్ సుమారు 6.2 మిల్లీగ్రాములు, మంచినీటిలో 7.5. మనం పీల్చే లీటరు గాలిలో దాదాపు 270 ఉంటుంది. అంటే 20 లీటర్ల బకెట్ ఉప్పుటేటి నీటిలో మొత్తం కలిపి సుమారు 130 మిల్లీగ్రాములే ఉంటుంది. వలలో పడి బెదిరిన చేప మామూలు కన్నా చాలా ఎక్కువ ఊపిరి తీస్తుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ దాని అవసరం పెరుగుతుంది, నీటిలో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. రెండూ ఒకేసారి ఎదురుతిరుగుతాయి.

ఎరగా అన్నిటికన్నా మంచిది వేలెడు నుంచి అరచేయంత మడవ, అంటే మన కత్తిపరిగ పిల్ల. విసురు వలతో పట్టి, తడి చేత్తోనే తీసి బకెట్‌లో వేయాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి జిగురు, పొలుసు ఊడిపోతాయి, ఆ చేప గంటలో తెల్లబడుతుంది. 20 లీటర్లకు పది, మహా అయితే పన్నెండు చేపలు. బ్యాటరీతో నడిచే ఏరేటర్ తప్పనిసరి. బుడగలు ఎంత సన్నగా ఉంటే అంత మేలు. మొదటి అరగంటలో చేపలు భయానికి వ్యర్థాలు ఎక్కువ వదులుతాయి గనుక అప్పుడు సగం నీళ్లు మార్చాలి. ఆ నీళ్లు అదే ఏటివి అయి ఉండాలి. మెట్రో కుళాయి నీళ్లలో క్లోరిన్ మొప్పల్ని కాల్చేస్తుంది. ఎండ ఎక్కువైతే మూత బిగించిన ఐస్ బాటిల్ వేయండి. ఐస్ ముక్కలు నేరుగా వేయకూడదు. నీరు రెండు మూడు డిగ్రీలు నెమ్మదిగా తగ్గితే చాలు, ఒక్కసారిగా చల్లబడితే చేప కొయ్యబారుతుంది.

గాలం గుచ్చే చోటు ప్రవాహాన్ని బట్టి ఉంటుంది. నీరు లాగుతుంటే కింది పెదవి నుంచి పై పెదవికి గుచ్చాలి. అప్పుడు ఎర ప్రవాహానికి ఎదురుగా నిలబడి మామూలుగా ఊపిరి తీస్తుంది. వెన్ను దగ్గర గుచ్చి ప్రవాహంలో వదిలితే గిరగిరా తిరుగుతుంది, దారం మెలిపడుతుంది, ఎర త్వరగా చచ్చిపోతుంది. నిలకడ నీటిలో, బెండు కింద అయితే వెన్నురెక్కకు కాస్త ముందు, వెన్నెముకకు పైన గుచ్చవచ్చు. రొయ్య అయితే కొమ్ము మొదట్లో, లోపల కనిపించే నల్లమచ్చకు తగలకుండా. ఆ మచ్చకు తగిలితే రొయ్య అక్కడికక్కడే ఆగిపోతుంది.

గాలం 4/0 లేదా 5/0 సైజు సర్కిల్ హుక్. దీని మొన లోపలికి తిరిగి ఉంటుంది. చేప ఎరను మింగి పక్కకు తిరిగి వెళ్తున్నప్పుడు గాలం గొంతులోంచి జారి వచ్చి నోటి మూలలో తిరిగి దిగబడుతుంది. పాత అలవాటు కొద్దీ రాడ్‌ను ఎగలాగితే అది నోట్లోంచి శుభ్రంగా బయటికి వచ్చేస్తుంది. చేప నడక మొదలయ్యాక రీల్ తిప్పుతూ దారాన్ని మెల్లగా బిగించాలి, అంతే. ఎర మరీ లావైతే మొనకూ కాడకూ మధ్య ఉండే ఖాళీ పూడిపోతుంది, అప్పుడు కూడా దిగదు.

ఇక సామాను. ఏడడుగుల రాడ్, 10 నుంచి 30 గ్రాములు విసరగలది. 3000 సైజు స్పిన్నింగ్ రీల్. 9 కిలోల బలం ఉన్న అల్లిక దారం 150 మీటర్లు. దాని చివర అర మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే ఒరిపిడికి ఓర్చే దారం ముక్క, ముప్పావు మీటరు. పండుగప్ప పళ్లు ఉప్పుకాగితంలా గరుకుగా ఉంటాయి, మొప్పమూత అంచు బ్లేడులా కోస్తుంది, అందుకే లీడర్ మీద పొదుపు వద్దు. అడుగున ఇసుక ఉంటే 10 గ్రాముల గుండ్రటి సీసం దారంలో జారేలా వేసి, స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న కొలికి), ఆపై లీడర్. ఆలిచిప్పలు, పాత వంతెన రాళ్లు ఉన్నచోట సీసం ఇరుక్కుంటుంది గనుక జారే బెండు వాడి, ఎరను ఏటి నేలకు ఒక అడుగు పైన ఉంచాలి. పీతల బెడద కూడా తగ్గుతుంది.

తేలిక దారంతో పెద్ద చేపను ఆపేది డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే రీల్ బ్రేకు. దాన్ని చేత్తో లాగి ‘సరిపోతుందిలే’ అనుకోవడం పొరపాటు. రాడ్‌ను చేప ఉన్నప్పటిలా వంచి, దారం చివర స్ప్రింగ్ త్రాసు కట్టి లాగి చూడాలి. రింగుల మీద దారం ఒరిపిడి కూడా కలుస్తుంది గనుక రీల్ దగ్గర చూపిన దానికన్నా ఇక్కడ బరువు ఎక్కువే చూపిస్తుంది. 9 కిలోల దారానికి 2 నుంచి 2.5 కిలోలు చాలు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. డ్రాగ్ బిగువు స్పూల్‌ను, అంటే దారం చుట్టిన చక్రాన్ని, తిరగనివ్వని మెలి బలం. దారం బయటికి పోయేకొద్దీ స్పూల్ చుట్టు చిన్నదవుతుంది, అదే మెలి బలానికి లాగాల్సిన బరువు పెరుగుతుంది. చుట్టు వ్యాసార్థం 24 మిల్లీమీటర్ల నుంచి 18కి తగ్గితే 2 కిలోల బిగువు దాదాపు 2.7 అవుతుంది, మీరు నాబ్ ముట్టుకోకపోయినా. చేప దూరం పోతున్నప్పుడు బెదిరి ఇంకా బిగించేవాళ్లకు దారం తెగేది ఇందుకే. అప్పుడు వదులు చేయాలి.

ఎప్పుడు వెళ్లాలి? చెన్నై తీరంలో ఆటుపోట్ల తేడా తక్కువ, అమావాస్య, పౌర్ణమి దగ్గర కూడా మీటరుకు అటూఇటూ. అష్టమి, నవమి రోజుల్లో నీరు పెద్దగా కదలదు. ఆటు చివరి రెండు గంటలు మేలు. పిల్లకాలువల్లోకి ఎక్కిన మడవలు నీటితో పాటు తప్పనిసరిగా దిగివస్తాయి, పండుగప్ప కాలువ మూతిలో కాచుకుని ఉంటుంది. అయితే ఓడరేవు పట్టికలోని వేళ ఉప్పుటేటి లోపల సరిపోదు. ఇరుకు మొగలోంచి నీరు పోవడానికి సమయం పడుతుంది, లోపల ఆటు ఆలస్యంగా మొదలవుతుంది. ఎంత ఆలస్యమన్నది ఇసుక మేటను బట్టి నెలనెలా మారుతుంది. ఒడ్డున ఒక కర్ర పాతి పావుగంటకోసారి నీటిమట్టం గీత పెట్టుకుంటే ఒక్కరోజులో తెలిసిపోతుంది. అడయారు, ముట్టుకాడు మొగలు ఎండాకాలంలో ఇసుకతో పూడి, ఈశాన్య రుతుపవనాల వరదకు తెగుతాయి. మొగ తెగాక కొన్ని వారాలే అసలైన కాలం.

వాన తర్వాత మంచినీరు పైన, బరువైన ఉప్పునీరు అడుగున పొరలుగా ఉంటాయి. ఎరను పట్టిన పొర, వదిలే పొర వేరైతే అది తట్టుకోలేదు. మడవ కొంత ఓర్చుకుంటుంది గానీ రొయ్య నిస్తేజమవుతుంది. అలాంటి రోజు ఎరను లోతుకు దింపండి.

పడ్డాక పండుగప్ప గాలిలోకి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ క్షణంలో రాడ్ కొన చేప వైపు వంచి దారానికి సడలింపు ఇవ్వాలి. వంతెన కాళ్లవైపు దూసుకుపోతే రాడ్‌ను నీటికి దగ్గరగా పక్కకు వంచి తల తిప్పాలి, పైకి ఎత్తితే తిరగదు.

ఈ చేప మగదిగా మొదలై, కొన్నేళ్లకు ఆడదవుతుంది. బాగా పెద్దవి ఎక్కువగా ఆడవే, లక్షల గుడ్లు పెట్టేవి అవే. వాటిని వదిలేయడమే న్యాయం. కింది దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే సొంత బరువుకే వెన్ను, దవడ దెబ్బతింటాయి. రెండో చేయి పొట్ట కింద పెట్టి అడ్డంగా పట్టుకోండి, వీలైతే నీటిలోనే గాలం తీయండి. లోతుగా దిగితే పెరకకుండా దారం కత్తిరించండి. నీటి ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటే మొప్పల్లోంచి నీరు పోతుంది, తోక బలంగా కొట్టే దాకా చేయి తీయవద్దు.

తినడానికి మాత్రం అడయారు, ఎన్నూరు చేపలు వద్దు. అడయారులోకి నగరపు మురుగు వస్తుంది. ఎన్నూరు క్రీక్‌లోకి విద్యుత్ కేంద్రాల బూడిద నీరు చేరుతుంది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదల వేళ చమురు కూడా వచ్చి పడింది. కూరకు కావాలంటే పులికాట్ పడవలు తెచ్చిన చేప కొనుక్కోండి.