ఆర్కిడ్‌కి నీళ్లకన్నా ముందు గాలి

కొత్తవాళ్ల చేతిలో ఆర్కిడ్ ఎండిపోయి పోవడం తక్కువ. వేళ్లు కుళ్లి పోయేవే ఎక్కువ.

మొదటి మొక్కగా ఎక్కువమంది కొనేది ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ రకం. సీతాకోకచిలుకల్లాంటి వెడల్పాటి పూలు నెలల తరబడి నిలిచేది ఇదే. ఆసియా ఉష్ణమండల అడవుల్లో ఇది చాలావరకు చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది. అలాగని బదనిక కాదు, చెట్టు రసం పీల్చదు. వాన పడితే వేళ్లు తడుస్తాయి, వెలిస్తే గాలికి ఆరిపోతాయి. అలాంటి వేళ్లను మామూలు తోటమట్టిలో పాతిపెడితే ఊపిరాడదు. అందుకే దీన్ని చెట్టు బెరడు ముక్కల్లోనో బొగ్గు ముక్కల్లోనో పెంచుతారు.

వేరు మీద వెలామెన్ అనే మందపాటి పొర ఉంటుంది. అందులోవి చనిపోయిన కణాలే, లోపలంతా ఖాళీ. నీరు తగలగానే స్పాంజిలా లాగేసుకుంటాయి. ఎండినప్పుడు వాటిలో గాలి నిండి వేరు వెండి రంగులో కనిపిస్తుంది. తడిసిందంటే పొర పారదర్శకమై, లోపలి పత్రహరితం బయటికి కనిపిస్తుంది. ఈ మొక్క వేళ్లు కూడా వెలుగు తగిలితే కిరణజన్య సంయోగక్రియ చేస్తాయి మరి!

కాబట్టి 'వారానికి ఇన్నిసార్లు' అనే లెక్కలు నాకు నచ్చవు. పారదర్శకమైన కుండీ తీసుకుని వేళ్లను చూడండి. పచ్చగా ఉంటే ఆగండి. వెండి రంగుకి తిరిగాక బాగా తడిసేలా నీళ్లు పోసి, అడుగున చుక్క నిలవకుండా వంపేయండి. ఆకుల మధ్య మొవ్వులో నీళ్లు నిలిచినా కుళ్లుతుంది. అద్దేయడం మంచిది.

అసలు టెన్షన్ ఆకులు వడలినప్పుడు మొదలవుతుంది. దాహమేమో అని ఇంకో చెంబు పోస్తాం. కానీ వేళ్లు కుళ్లిపోయినా ఆకులు అలాగే ముడతలు పడతాయి, నీళ్లు పీల్చడానికి వేళ్లే లేవు కదా. ముందు కుండీలోంచి తీసి చూడాలి. గట్టిగా ఉన్న వేళ్లు బతికున్నట్టే. మెత్తబడి గోధుమ రంగుకి మారినవి శుభ్రమైన కత్తెరతో తీసేసి, కొత్త బెరడులో పెట్టాలి. బాగున్న మొక్కకైనా రెండేళ్లకోసారి బెరడు మార్చక తప్పదు, అది చివికి ముద్దయితే గాలి సందులు మూసుకుపోతాయి.

ఈ గాలి సంగతి తెలియక 19వ శతాబ్దంలో బ్రిటన్ సంపన్నులు ఎన్నెన్నో ఆర్కిడ్లను పోగొట్టుకున్నారు. ఉష్ణమండల మొక్కలు కదా అని వేడిగా, చెమ్మగా ఉండే గాజు గదుల్లో బంధించారు. 1830లలో ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్ తోటలో అక్కడి ప్రధాన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ గాలి ఆడనిచ్చి, అంత వేడి తగ్గించి పెంచాక మొక్కలు నిలబడ్డాయి.

వెలుతురు కావాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ వద్దు. ఆకులు మరీ ముదురాకుపచ్చగా ఉంటే వెలుతురు చాలట్లేదని, ఎర్రబారితే ఎక్కువైందని అర్థం.

మళ్లీ పూయట్లేదని ఎరువు పెంచుతారు చాలామంది. దానికి కావలసింది చల్లదనం. ఉష్ణోగ్రత ఎప్పుడూ 28 డిగ్రీల సెల్సియస్ పైనే ఉంటే ఆకులే వేస్తుంది. కొన్ని వారాలు 25 లోపు ఉంటే పూకాడ తొంగిచూస్తుంది. రాలిపోయిన పూల పాత కాడ పచ్చగానే ఉంటే తొందరపడి కోయకండి. కణుపు పైన కత్తిరిస్తే ఒక్కోసారి పక్క కొమ్మ వేసి పూస్తుంది. ఎండితే మాత్రం మొదలంటా తీసేయొచ్చు.