ముందు సందులు, తర్వాతే గోడ

చిరంజీవులిద్దరికీ ఆశీస్సులు.

రోడ్డు చప్పుడు తగ్గాలని, కూకట్‌పల్లి మెయిన్‌రోడ్డు వైపున్న మీ గది గోడకు కోడిగుడ్ల అట్టలు అతికిస్తామని రాశారు. వద్దు. అవి గదిలో గింగురును కాస్త తగ్గిస్తాయేమో గానీ బయటి హారన్లను ఆపవు. థర్మోకోల్ ఎండవేడికి పనికొస్తుంది, చప్పుడుకు కాదు.

గాలి దూరే చోటల్లా చప్పుడూ దూరుతుంది. కిటికీ, తలుపులతో కలిపి గోడ విస్తీర్ణంలో నూటికి ఒక వంతు సందు ఉందంటే, మిగతాది ఎంత మందమైనా చప్పుడు 20 డెసిబెల్స్‌కు (చప్పుడు కొలిచే లెక్క) మించి తగ్గదు. రాత్రి గదిలో లైటార్పి, హాల్లో లైటు వేసి చూడండి. తలుపు కింద వెలుగు గీత కనబడితే అక్కడ రబ్బరు పట్టీ వేయించండి. స్లైడింగ్ కిటికీ అంచులకు బ్రష్ పట్టీ మార్చండి. కింద నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకండి, వానకు గదిలోకి నీళ్లొస్తాయి.

ఇక గోడ. అంటే పాత గోడకు లోపలివైపు జిప్సం బోర్డులతో ఇంకో గోడ నిలబెట్టడం. 10 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు అనుకుందాం. చెమ్మ ఉంటే ముందు అది బాగుచేయాలి, లేకపోతే లోపల జిప్సం ఉబ్బిపోతుంది. పాత గోడకు అంగుళం ఎడంగా 70 మి.మీ. జీఐ స్టడ్లు (జింకు పూత రేకుతో చేసిన నిలువు కమ్మీలు), 2 అడుగులకొకటి చొప్పున 6 నిలబెట్టాలి. నేలకు, స్లాబుకు బిగించే ఛానెళ్ల (స్టడ్ల కొసలు కూర్చునే రేకు పట్టీల) కింద ఫోమ్ టేపు వేయాలి. గట్టిగా ఉంటుందని ఫాల్స్ సీలింగ్ వాళ్లు స్టడ్లను గోడకు క్లిప్పులతో కలిపేస్తామంటారు. ఒప్పుకోకండి. ఆ క్లిప్పుల గుండానే అదురు ఇటు వచ్చేస్తుంది, డబ్బులు దండగ.

స్టడ్ల మధ్య 50 మి.మీ. రాక్‌వూల్ (రాతి పోగుల దుప్పటి), ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రతది, 90 చదరపు అడుగులు పడుతుంది. పోగుల మధ్య గాలి రాసుకుని చప్పుడు వేడిగా మారాలి, కాబట్టి కుక్కకండి. కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తప్పవు. దురద మామూలుగా ఉండదు.

స్టడ్ల మీద గదివైపు 12.5 మి.మీ. జిప్సం బోర్డు రెండు వరసలు. 6×4 అడుగుల బోర్డులు తరుగుతో కలిపి 9 కొనండి. రెండో వరస అతుకులు మొదటివాటి మీద పడకూడదు. మొదటి వరసకు 25, రెండోదానికి 38 మి.మీ. స్క్రూలు. కొత్త గోడ అంచుల చుట్టూ 5 మి.మీ. వదిలి, ఎండినా మెత్తగా ఉండే సీలెంట్ నింపాలి. పుట్టీ పగులుతుంది. కొత్త గోడలో స్విచ్‌బోర్డు పెట్టించకండి, దాని రంధ్రమూ ఒక సందే.

ఇంత చేసినా నిమజ్జనం డీజే దడదడ పూర్తిగా పోదు. బేస్ శబ్దాన్ని ఆపడం చాలా కష్టం. అందుకే తలుపు, కిటికీ పని చేయించాక వారం రోజులు చూడండి. అదే చాలనిపిస్తే గోడ జోలికి పోకండి.

మీ తాతయ్య