బెంజి సర్కిల్లో బస్సును ఆపాలంటే

విజయవాడ బెంజి సర్కిల్ వైపు బ్రేకులు పట్టని సిటీ బస్సు ఒకటి గంటకు 40 కి.మీ. వేగంతో వస్తోంది. హీరో రోడ్డుకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాచాడు. బస్సు ముందుభాగం నొక్కుకుపోయింది, అద్దం పగిలింది, బస్సు ఆగింది. ఈ సీన్‌లో తప్పేమిటని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: మనిషికి అంత బలం ఎక్కడిది? బలం సంగతి పక్కన పెడదాం. హీరోకి వెయ్యి ఏనుగుల బలం ఉందనే ఒప్పుకుందాం. అయినా ఆ బస్సు ఆగదు.

జనంతో కలిపి బస్సు బరువు 15 టన్నులనుకోండి. ఆ వేగంలో దాని గతిశక్తి సుమారు 9.26 లక్షల జౌళ్లు. హీరో బరువు 80 కిలోలు. పొడి తారురోడ్డుకూ బూటు అడుగుకూ మధ్య ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే సంఖ్య) 0.7 అనుకుంటే, కాలు జారకుండా అతను తట్టుకోగల తోపు 56 కిలోల బరువుతో సమానం, అంటే సుమారు 550 న్యూటన్లు. అంతకు మించితే బూటు జారుతుంది. చేతుల్లో ఎంత సత్తువ ఉన్నా నేల ఇచ్చే పట్టు ఇంతే. జారే ఆ బూట్ల ఘర్షణ ఒక్కదానితోనే బస్సు ఆగాలంటే దాదాపు 1.7 కి.మీ. దూరం కావాలి. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. ఈ కొస నుంచి ఆ కొస దాకా హీరోని నెట్టుకుంటూ పోయినా బస్సు ఇంకా కదులుతూనే ఉంటుంది. అదే బస్సుకి సొంత బ్రేకులు పనిచేస్తే 11, 12 మీటర్లలో ఆగిపోతుంది. ఎందుకంటే దాని టైర్లను నేలకు అదిమి పట్టేది 15 టన్నుల బరువు.

సరే, హీరో పాదాలు రోడ్డులోకి దిగి బిగుసుకున్నాయనుకుందాం. బస్సు అరమీటరులో ఆగింది. అప్పుడు లోపల రాడ్ పట్టుకుని నిలుచున్నవాళ్ల గతేమిటి? వాళ్లూ అదే దూరంలో ఆగాలంటే తమ బరువుకి 12 రెట్లకు మించిన బలం వాళ్లను పట్టి ఆపాలి. ఏ చేతిపట్టూ అంత ఆపలేదు. బస్సు ఆగుతుంది, జనం మాత్రం అద్దం దాకా ఎగిరి వస్తారు. కాపాడినట్టు కనిపించే సీన్‌లో నిజంగా ప్రాణాలు పోయేది ఇక్కడే.

సూపర్‌హీరో కథను నేల మీదికి దించాలనుకునే రచయితకైనా దర్శకుడికైనా ఈ ఒక్క బస్సు నుంచే రెండు ప్రశ్నలు దొరుకుతాయి. కాలి కింద పట్టు ఎంత? ఆగడానికి దూరం ఎంత? ఈ రెండింటికీ జవాబు ఉన్న హీరో బస్సుకి ఎదురు నిలబడడు. కదులుతున్న బస్సులోకి ఎక్కి, గేరు ఒక్కొక్కటిగా తగ్గించి ఇంజిన్ చేతనే వేగం తగ్గిస్తాడు. ఒక్కసారిగా మొదటి గేరుకి దించాలని చూస్తే గేరు పడదు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది, ఉన్న కాస్త అదుపూ పోతుంది. తరువాత బస్సు పక్కభాగాన్ని డివైడర్‌కి రాసుకుంటూ తీసుకెళ్తాడు. పొడవునా రేకు గీసుకుపోతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, తెర మీద చూడ్డానికీ బాగుంటుంది. ఆగే దూరం అరమీటరు నుంచి యాభై అరవై మీటర్లకు పెరుగుతుంది. జనం బతుకుతారు.

పడిపోతున్న మనిషిని పట్టుకునే సీన్ దగ్గర ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. ఐదో అంతస్తు బాల్కనీ సుమారు 15 మీటర్ల ఎత్తనుకుందాం. అక్కడి నుంచి జారిన మనిషి 1.75 సెకన్లలో నేల చేరతాడు. అప్పటికి వేగం గంటకు 62 కి.మీ. పడుతున్నాడని గుర్తించడానికే పావు సెకను పోతుంది. మిగిలిన సమయంలో నిలుచున్న చోటు నుంచి మంచి అథ్లెట్ కూడా ఏడెనిమిది మీటర్లకు మించి చేరలేడు. చేరాడనే అనుకుందాం. పడుతున్న అమ్మాయి బరువు 50 కిలోలు, హీరో చేతులు అరమీటరు కిందికి దిగుతూ పట్టుకున్నాయి. ఆ చేతుల మీద సగటున పడే బలం 1,500 కిలోల బరువుకి పైమాటే. హీరో చేతులు విరగవని కథ చెప్పవచ్చు. అదే బలం ఆ అమ్మాయి వెన్ను మీద, మెడ మీద కూడా పడుతుంది, ఆమెకి ఏ వరమూ లేదు. హీరో ఎంత గట్టివాడైతే ఆమెకి అంత ప్రమాదం, ఎందుకంటే వంగని చేతులు సిమెంటు నేలతో సమానం.

స్టంట్ చేసే డూప్‌లు బతికేది ఆగే దూరం పెంచుకోవడం వల్లే. కింద పరిచే ఎయిర్‌బ్యాగ్‌కి ఫ్యాన్లు గాలి నింపుతుంటాయి, పక్కల రంధ్రాల గుండా గాలి బయటికి పోతుంది. మనిషి పడగానే గాలి ఆ రంధ్రాల్లోంచి తన్నుకుపోయి బ్యాగ్ మెత్తగా కుంగుతుంది. రెండున్నర మీటర్లు కుంగితే 15 మీటర్ల నుంచి పడ్డా ఒంటి మీద సగటు భారం బరువుకి ఏడు రెట్లే. అది వీపంతా పరుచుకుంటుంది కాబట్టి మనిషి లేచి నడుస్తాడు. తప్పులు జరిగేదీ అక్కడే. రంధ్రాలు చాలినంత తెరవకపోతే బ్యాగ్ బంతిలా పైకి విసురుతుంది. మరీ ఎక్కువ తెరిస్తే అడుగంటా కుంగి నేల తగులుతుంది. అంచున పడితే పక్కకు దొర్లించి పారేస్తుంది. పాదాల మీద పడితే మోకాళ్లు వచ్చి ముఖానికి కొడతాయి. ఎయిర్‌బ్యాగ్‌లు రాకముందు ఖాళీ అట్టపెట్టెల దొంతరలు ఇదే పని చేసేవి. పెట్టె నలిగే ప్రతి అంగుళమూ ఆగే దూరమే.

తాడుతో కాపాడే హీరో అయితే తాడు ఏదో తేల్చుకోవాలి. పర్వతారోహకులు పడితే ఆపేందుకు వాడే తాడు సాగుతుంది. లారీ మీద సరుకు కట్టే తాడు అంతగా సాగదు, ఒక్క కుదుపుతో నడుము విరుస్తుంది. ముడి వేసిన చోట తాడు బలం దాదాపు మూడోవంతు తగ్గుతుంది. పిట్టగోడ అంచుకి రాసుకునే చోట గోనెసంచి మడిచి పెట్టకపోతే సిమెంటు గరుకు అంచు తాడుని కోస్తుంది. ఇవన్నీ సినిమాకి పనికిరాని చిన్న విషయాలనుకోవడం పొరపాటు. హీరో గోనెసంచి కోసం వెతికే ఆ పది సెకన్లలోనే ఉత్కంఠ అంతా ఉంది.

పిట్టగోడ మాట వచ్చింది కాబట్టి డాబాల మీద పరుగు గురించి ఒక్క మాట. వన్‌టౌన్ ఇరుకు సందుల్లో డాబా నుంచి డాబాకి దూకడం సులువుగానే కనిపిస్తుంది. సెకనుకు 6 మీటర్ల వేగంతో పరిగెత్తి బాగా ఎగిరినా, రెండు డాబాలూ ఒకే ఎత్తులో ఉంటే సుమారు మూడు మీటర్లే దాటగలం. లాంగ్‌జంప్ క్రీడాకారుడు మైక్ పావెల్ 1991లో 8.95 మీటర్లు దూకింది పొడవైన ట్రాక్ మీద, ముళ్ల బూట్లతో, ఇసుకలోకి. ఇక్కడ మూడడుగుల పిట్టగోడ ముందే అడ్డొస్తుంది. దాని మీద కాలు మోపి ఎగిరితే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ వెనక్కి పడిపోవచ్చు. మళ్లీ అదే పట్టు సమస్య.

ఒక్క గుద్దుకి విలన్ పది అడుగులు ఎగిరిపడే సీన్ మన సినిమాకి బాగా అలవాటు. ఫైట్ మాస్టర్ నడుముకి హార్నెస్ కట్టి వెనక నుంచి రోప్ లాగిస్తాడు, తరువాత గ్రాఫిక్స్‌లో రోప్ చెరిపేస్తారు. లెక్క చూస్తే ఆ రోప్ ఎందుకో అర్థమవుతుంది. బాక్సర్ పిడికిలి వెనక పనిచేసే ద్రవ్యరాశి నాలుగు కిలోలు, వేగం సెకనుకు 9 మీటర్లు అనుకుంటే ద్రవ్యవేగం, అంటే ఆ రెండింటి లబ్ధం, 36. డెబ్బై ఐదు కిలోల విలన్‌ని మూడు మీటర్ల అవతల పడేయడానికి 400 కావాలి. పైగా విలన్‌కి ఎంత తోపు అందితే హీరోకి అంతే వెనక్కి తగులుతుంది. నిజమైన గుద్దు విలన్‌ని నిలుచున్న చోటే కూలుస్తుంది, ఎందుకంటే అది తలను గిర్రున తిప్పి మెదడుని కదిలిస్తుంది. చేతికి గుడ్డ చుట్టకుండా దవడ మీద కొడితే హీరో చిటికెనవేలి వెనక ఎముక విరిగే ప్రమాదం ఉంది. రెండో ఫైట్‌కి అతను కట్టుతో రావాలి.

తూటా కూడా అంతే. ఎనిమిది గ్రాముల 9 ఎంఎం తూటా సెకనుకు 360 మీటర్ల వేగంతో తగిలినా 75 కిలోల మనిషిని సెకనుకు నాలుగు సెంటీమీటర్ల వేగంతో కూడా కదల్చలేదు. గాల్లోకి ఎగరడం ఉండదు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ చేసేదీ ఆగే దూరం పనే. స్టెఫనీ క్వొలెక్ 1965లో కనిపెట్టిన కెవ్లార్ లాంటి నూలు పొరలు తూటాని పట్టి దాని తాకిడిని వెడల్పుగా పరుస్తాయి. అమెరికా ప్రమాణాల ప్రకారం పరీక్షలో జాకెట్ వెనకున్న మట్టి 44 మిల్లీమీటర్ల లోతు దాకా నొక్కుకుపోయినా ఆ జాకెట్ పాసైనట్టే. ఆ మట్టి స్థానంలో ఉండేది పక్కటెముకలు. మెత్తటి జాకెట్ పిస్తోలు తూటాలకే, రైఫిల్ తూటాకి గట్టి పలకలు కావాలి.

ఆ జాకెట్ వేసుకుని మే నెలలో బెజవాడ రోడ్డెక్కాలంటే అసలు కష్టం మొదలవుతుంది. అది ఒంటి వేడి. ఇంతగా పట్టించుకోని విషయం సూపర్‌హీరో కథల్లో మరొకటి లేదు. కండరం ఖర్చు చేసే శక్తిలో పనిగా మారేది పావు వంతే, మిగిలిన ముప్పావు వేడి. గట్టిగా పోరాడే మనిషి ఒంట్లో 700 వాట్ల వేడి పుడుతుందనుకుందాం. 80 కిలోల శరీరాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 2.8 లక్షల జౌళ్లు చాలు. తోలు సూట్, లోపల జాకెట్, ముఖానికి మాస్క్ కలిసి చెమట ఆరనివ్వకపోతే ఏడు నిమిషాలకొక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. 37 నుంచి 40కి చేరడానికి ఇరవై నిమిషాలు. ఆ దరిదాపుల్లోనే వడదెబ్బ కాచుకుని ఉంటుంది. ముందు మాట తడబడుతుంది, తరువాత నిర్ణయాలు తప్పుతాయి, ఆ పైన స్పృహ తప్పుతుంది.

లీటరు చెమట గంటలో పూర్తిగా ఆవిరైతే దాదాపు 670 వాట్ల వేడిని తీసుకుపోతుంది. ఆవిరి కావాలి, కారిపోతే లాభం లేదు. పడమటి వడగాలి వీచే మధ్యాహ్నం 45 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పలచటి నూలు బట్టలో చెమట ఆరుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక ఉష్ణోగ్రత తగ్గినా ఉక్కపోత మొదలవుతుంది, చెమట ఆరదు. కాబట్టి 38 డిగ్రీల సాయంత్రం 45 డిగ్రీల మధ్యాహ్నం కంటే హీరోని ముందు పడగొట్టవచ్చు. సూట్ లోపల రెండు కిలోల ఐసు ప్యాక్‌లు పెట్టుకుంటే, ఐసు కరగడానికి తీసుకునే వేడి దాదాపు 6.7 లక్షల జౌళ్లు, అంటే పదహారు నిమిషాల ఊపిరి. కథలో విలన్ చేయాల్సిందల్లా ఐసు కరిగేదాకా, ఆపైన మరో ఇరవై నిమిషాలు హీరోని తిప్పడమే.

ఇదే ఫైట్‌ని గుంటూరు మిర్చి యార్డులో పెడితే మరో శాస్త్రం అందుకుంటుంది. టిక్కీల (మిర్చి బస్తాల) దొంతర మీద పడితే అవి కొంత కుంగి కాస్త ఆగే దూరం ఇస్తాయి, నిజమే. లేచే ఘాటు మాత్రం హీరో ఎవరో విలన్ ఎవరో చూడదు. మిరపలోని క్యాప్సైసిన్ అంటుకునేది సుమారు 43 డిగ్రీల వేడికి మేలుకునే నాడీ గ్రాహకానికే. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. అందుకే మిరప కారం 'మంట'. నీళ్లతో కడిగితే పోదు, అది నూనెలో కరిగే పదార్థం.

పట్టు, దూరం రెండూ ఒకేసారి చేజారేది వరదలో. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. లెక్క వేస్తే సెకనుకు దాదాపు 32 వేల టన్నుల నీరు. మొత్తం 70 గేట్లు, ఒక్కో గేటు కింద సగటున సెకనుకు 460 టన్నులు. ఆ వరదలో కొట్టుకొచ్చిన భారీ పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను, అంటే గేటు ఎత్తడానికి సాయపడే ఎదురు బరువులను, దెబ్బతీశాయి. ఆ పడవలను క్రేన్లతో ఎత్తాలన్న తొలి ప్రయత్నం ఫలించలేదు. క్రేన్ చెయ్యి ఎంత ముందుకు చాస్తే అది ఎత్తగల బరువు అంత తగ్గుతుంది, ఆపైన పడవ నిండా నీరు, దాని మీద ప్రవాహం తోపు. తరువాత డైవర్లు నీళ్లలో మునిగి పడవను కోసే పనికి దిగారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో ఇంజనీర్లు దెబ్బతిన్న కౌంటర్ వెయిట్లను మార్చారు. ఈ పని మీద సినిమా తీస్తే ఒక్క అబద్ధం కూడా కలపక్కర్లేదు.

అదే రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. నడుములోతు వీధి ప్రవాహంలో నిలబడిన మన 80 కిలోల హీరోని చూద్దాం. నీరు అతని బరువులో సగం మోస్తుంది, నేలను అదిమేది 40 కిలోలే. బురద పట్టిన రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే పట్టు 16 కిలోలకు పడిపోతుంది. కాళ్ల మీద ప్రవాహం తోపు వేగానికి వర్గంలో పెరుగుతుంది. సెకనుకు ఒక మీటరు, అంటే మెల్లగా నడిచే వేగానికే ఆ 16 కిలోలూ చెల్లిపోతాయి. రెండు మీటర్లయితే తోపు నాలుగింతలు.

అందుకే శిక్షణ పొందినవాళ్లు ముందుగా నీళ్లలోకి దూకరు. కొండపావులూరులో ఉన్న ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం) పదో బెటాలియన్ లాంటి బలగాలు నేర్చుకునే వరస ఇది: కర్ర అందితే కర్ర, లేకపోతే తాడు, అదీ అందకపోతే పడవ, చిట్టచివరికే ఈత. సింగ్‌నగర్‌లో పడవ చేరలేని మేడల మీదికి ఆహారం పొట్లాలు డ్రోన్లు చేర్చాయి. దిగక తప్పకపోతే లైఫ్ జాకెట్ వేసుకుని, ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, పొడవాటి కర్రను మూడో కాలుగా ఆనించి, ఒకసారి ఒక్క కాలే కదపాలి. తాడు విసిరేవాడు కొట్టుకొస్తున్న మనిషికి దిగువన ఉండాలి. పదిహేను ఇరవై మీటర్ల తాడుని మనిషి తలమీదుగా, కాస్త అవతల పడేలా వేయాలి. తాడుని చేతికి చుట్టుకోకూడదు, నడుముకి కట్టుకోకూడదు, అవతలి బరువు లాగితే విడిచిపెట్టే వీలుండాలి. తాడు బిగుసుకునేలోగా కూర్చుని, మడమలు దేనికైనా తన్నిపెట్టి, అందుకున్న మనిషిని వెల్లకిలా తేలమని అరవాలి. లాగక్కర్లేదు. అవతలి కొసన మనిషి, ఇవతలి కొసన బిగించిన మడమలు, మధ్యలో తాడు. ప్రవాహమే అతన్ని గడియారపు లోలకంలా ఒరగా తిప్పి గట్టుకి చేరుస్తుంది.