వెనక ఎటు జారితే స్టీరింగ్ అటు

బుజ్జీ, చిన్నోడా,

సంక్రాంతికి వచ్చి మీరు వదిలేసి వెళ్లిన కంప్యూటర్ కారు ఆట స్టీరింగ్ చక్రం ఇంకా భోజనాల బల్లకే బిగించి ఉంది. నానమ్మ రోజూ గొణుగుతూనే ఉంది గానీ నేను విప్పనివ్వలేదు. మొన్న ఫోనులో అడిగారు కదా, "తాతయ్యా, ఆటలో డ్రిఫ్ట్ కొడదామంటే, అదే, మలుపులో కారుని అడ్డంగా జారుస్తూ పోనిద్దామంటే, బొంగరంలా తిరిగిపోతోంది, ఏం చెయ్యాలి" అని. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా. 30 ఏళ్లు అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడు తోలినవాణ్ణి, నాకిదేం లెక్క అనుకుని కూర్చున్నాను. మొదటి మూడు రోజులూ నా కారూ బొంగరమే.

లారీ ఎక్కిన కొత్తలో ఒకసారి, మంచి వానల్లో, కొత్తపేట దగ్గర కాలువ గట్టు మీద వస్తున్నాం. ఒండ్రుమట్టి తడిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారుగా. మలుపులో లారీ వెనక భాగం మెల్లగా కాలువ వైపు జారడం మొదలెట్టింది. నా కాలు బ్రేకు మీదికి పోబోయింది. పక్కనున్న పెద్ద డ్రైవరు ఒకటే అరుపు: "బ్రేకు ముట్టకురా! స్టీరింగ్ కాలువకేసి తిప్పు!" కాలువలో పడబోతుంటే కాలువకేసే తిప్పమంటాడేంట్రా అనుకుంటూనే తిప్పాను. బండి సర్దుకుంది. వెనక ఎటు జారితే ముందు చక్రాలు అటు చూడాలి, అప్పుడే ముక్కూ తోకా ఒక వరసలోకి వస్తాయి. డ్రిఫ్టుకీ మూలం అదే. మేము జారితే గుండె చేత్తో పట్టుకుని సర్దుకునేవాళ్లం, డ్రిఫ్టు కొట్టేవాళ్లు కావాలని జార్చి, ఆ జారుడునే మలుపంతా నిలబెడతారు.

అసలెందుకు జారుతుందో ముందు తెలియాలి. టైరుకి నేలమీదుండే పట్టు జేబులో డబ్బులాంటిది. బండిని ముందుకు తొయ్యడానికి ఖర్చయింది పోగా మిగిలిందే పక్కకి జారకుండా ఆపుతుంది. మలుపులో యాక్సిలేటరు గట్టిగా తొక్కారనుకోండి, వెనక టైర్లు ఉన్నదంతా గిర్రున తిరగడానికే తగలేస్తాయి. పక్క పట్టుకి పైసా మిగలదు, తోక బయటికొస్తుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు చక్రం బురదలో తిరుగుతూ బండి పక్కకి ఒరగడం మీరు చేలో చూసిందే. బ్రేకు తొక్కితే ఇంకో తమాషా. బరువు ముందుకి వెళ్లి వెనక తేలికపడుతుంది, నాటు పడవలో నలుగురూ ముందుకి జరిగితే వెనక లేచినట్టు. మలుపులోకి దూరేటప్పుడు చిన్నగా బ్రేకు తాకించి వదలడం అందుకే.

ఇదంతా జపాన్ వాళ్ల విద్య. 1970లలో కునిమిత్సు తకహాషి అనే రేసరు మలుపుల్లోకి ఇలా జారుతూ దూరేవాడు. ఆయన్ని చూసి కెయిచి త్సుచియా కొండదారుల్లో సాధన చేసి డ్రిఫ్ట్ కింగ్ అనిపించుకున్నాడు. ఈయన పేరు చెబితే గుర్తొచ్చే టయోటా ఏఈ86 కారు 1983 నుంచి 1987 దాకా తయారైంది. చిన్న బండి, ఇంజను బలమూ అంతంతమాత్రమే. వెనక చక్రాలు తోసే బండి, మా లారీలాగే, అదీ దాని సుగుణం. మీ నాన్న కారు ముందు చక్రాలు లాగే రకం, దాంతో ఈ పని కుదరదు. కుదిరినా గట్టు రోడ్డు మీద వద్దు, ఎదురుగా ఎవరో ఒకరు సైకిలు మీద గడ్డిమోపు వేసుకుని వస్తూనే ఉంటారు. మన కోనసీమలో కొండలూ లేవు కనుక మనకి కంప్యూటరే గతి.

ఆటలో ముందుగా వెనక చక్రాలు తోసే కారు ఎంచుకోండి. ట్రాక్షన్ కంట్రోలు, స్టెబిలిటీ కంట్రోలు రెండూ ఆపెయ్యండి, అవి ఉంటే మీరు జార్చబోతారు, అది ఆపుతుంది. పెడళ్లు గచ్చు మీద వెనక్కి జారిపోతుంటే కింద గోనెసంచి తడిపి వేశాను, ఇక కదల్లేదు.

ఇప్పుడు చేతుల సంగతి. నేను మూడు రోజులు పాడుచేసుకుంది ఇక్కడే. పవర్ స్టీరింగ్ లేని లారీ చేతులు నావి, చక్రాన్ని పీక పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఈ ఆటచక్రం లోపల మోటారు ఉంది. కారు తోక బయటికి రాగానే ముందు చక్రాలు తమంతట తామే జారుడు వైపు తిరుగుతాయి, ఆ లాగుడునే మోటారు మన చేతికి తెస్తుంది. నేనేమో దాన్ని తిరగనివ్వకుండా ఆపుతున్నాను! నాలుగో రోజు పొద్దున్న వేళ్లు వదులు చేసి చూశాను. చక్రం నా అరచేతుల్లోంచి సర్రున జారి, ముప్పావు చుట్టు తిరిగి, వేగం తగ్గింది. అక్కడ మెత్తగా పట్టుకున్నాను. కారు అడ్డంగా నిలబడి అలాగే పోయింది. నానమ్మని కేకేశాను, వచ్చేసరికి గోడకి గుద్దేశాననుకోండి. మోటారు అసలు కారంత చురుగ్గా తిప్పలేకపోతే చేత్తో కాస్త సాయం పట్టాలి, అంతే.

చేతులు కుదిరాక కాలు. జారుడు కోణం పెంచేదీ తగ్గించేదీ యాక్సిలేటరే. ఖాళీ మైదానంలో, రెండో గేరులో, గుండ్రంగా తిరగండి. తోక మరీ బయటికొస్తుంటే కాలు వెంట్రుకవాసి తేల్చండి, లోపలికొస్తుంటే అంతే తొక్కండి. భయపడి కాలు పూర్తిగా తీశారా, వెనక టైర్లు ఒక్కసారిగా నేలని పట్టుకుంటాయి. ముందు చక్రాలు ఇంకా అటే చూస్తుంటాయి కనుక కారు ఎగిరి ఆ పక్కకి దూకుతుంది. చిన్నోడా, నువ్వు ప్రతిసారీ "అవతలి గోడకి ఎందుకు కొడుతోంది" అంటున్నావే, అది ఇందుకే. కాలు మెల్లగా తేల్చు, దాంతోపాటే స్టీరింగ్ తిన్నగా తెచ్చుకో. బుజ్జీ, నువ్వు కారు బానెట్ చూస్తున్నావు. ఎటు వెళ్లాలో అటు చూడమ్మా, పక్క కిటికీలోంచి చూడాల్సొచ్చినా సరే.

గుండ్రం కుదిరాక ఎనిమిది, లైసెన్సు పరీక్షలో వేయిస్తారే, అది. ఒక సున్నాలోంచి రెండో సున్నాలోకి మారేటప్పుడు కాలు తేల్చగానే బరువు ఇటునుంచి అటు ఊగుతుంది, చక్రం ఆ చివరినుంచి ఈ చివరికి పరుగెడుతుంది. దాన్ని వదిలి, మళ్లీ పట్టుకుని, వెంటనే తొక్కాలి. నాకు పదిసార్లలో రెండుసార్లు వస్తోంది.

వేసవి సెలవులకి వచ్చేటప్పుడు బల్లకి బిగించే చోట పెట్టడానికి రెండు రబ్బరు ముక్కలు తీసుకురండి. చెక్క మీద మరకలు పడ్డాయని నానమ్మ ఇంకా చూడలేదు, పైన విస్తరాకు పరిచి ఉంచాను.

మీ తాతయ్య