చక్రాన్ని పట్టి ఉంచే సగం కాగితం

మా కారు ముందు చక్రం పంక్చరైతే రోడ్డు పక్కన షాపులో ఆపాను. కుర్రాడు గన్నుతో మూడు నట్లు బర్రుబర్రుమని తీశాడు. నాలుగోది కాస్త మొరాయించి, ఆ తర్వాత టక్కుమంది. నట్టుతో పాటు స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) ముక్క కూడా కింద పడింది. "ఇంకా మూడున్నాయి కదా సార్, ఏం కాదు, మెల్లగా పోండి" అన్నాడు. మెల్లగానే ఇంటికొచ్చాను. ఆ ముక్కను మాత్రం జేబులో వేసుకుని తెచ్చుకున్నాను.

ఇంట్లో దాన్ని కిరసనాయిలుతో కడిగి వెలుతురులో పెట్టి చూస్తే, విరిగిన ముఖం అంతా ఒకే తీరుగా లేదు. మూడో వంతు నున్నగా, నల్లగా, తుప్పు మరకతో ఉంది. ఎండాకాలంలో చెరువు నీళ్ళు తగ్గుతూ పోతే ఒడ్డున మిగిలే చారల్లాంటి వంపు గీతలు దాని మీద కనిపించాయి. మిగతా భాగం గరుకుగా, అప్పుడే విరిచిన బెల్లం ముక్కలా ఉండి మెరుస్తోంది. మెరిసే భాగం ఆ పూట గన్ను దెబ్బకు తెగింది. నల్లటి భాగం చాలాకాలం కిందటే తెగి, కొంచెం కొంచెంగా లోపలికి పాకుతూ వచ్చింది. ఆ కుర్రాడి చేతిలో విరిగిందే గానీ, అతను విరగ్గొట్టింది కాదు.

లోహం ఇలా లోలోపల తెగుతూ పోవడాన్ని ఫెటీగ్, అంటే అలసట, అంటారు. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలింజను ఇరుసు విరిగి, పెట్టెలు మంటల్లో చిక్కుకుని యాభై మందికి పైగా చనిపోయారు. పైకి నిక్షేపంగా కనిపించే ఇనుము ఉన్నట్టుండి ఎందుకు విరుగుతుందన్న ప్రశ్న అప్పటి నుంచి ఇంజనీర్ల వెంటపడింది. ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ రైల్వే ఇంజనీరు 1850లు, 60లలో లోహపు కడ్డీలను యంత్రాల మీద లక్షలసార్లు తిప్పి, వంచి చూశాడు. ఒక్కసారి మోపితే ఏమీ కాని బరువు కూడా పదేపదే పడుతూ లేస్తూ ఉంటే లోహాన్ని విరిచేస్తుందని తేల్చాడు. బరువు ఎంత పెద్దదన్న దానికన్నా, పడినప్పటికీ లేచినప్పటికీ మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యమని కూడా చూపించాడు. ఈ రెండో మాట దగ్గరే మన స్టడ్డు కథంతా ఉంది.

చిన్న కారు చక్రం కిలోమీటరుకు 550 చుట్లకు పైగానే తిరుగుతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ చేరేసరికి లక్షన్నర చుట్లు అవుతాయి. చుట్టుకోసారి స్టడ్డు కాస్త వంగి నిటారైనా, వోలర్ యంత్రం చేసిన పని మన కారు ఒక్క పూటలో చేసేస్తుంది. మరి స్టడ్లన్నీ ఎందుకు విరగవు?

గోడకు కొట్టిన మేకుకు సంచి తగిలించినట్టు, చక్రం స్టడ్లకు వేలాడుతుందని మనం అనుకుంటాం. అది సరికాదు. స్టడ్డు నిజానికి ఒక స్ప్రింగు. నట్టు బిగిస్తే స్టడ్డు సాగుతుంది, సాగినది వెనక్కి లాక్కోవాలని చూస్తుంది. ఆ లాగుడుతో చక్రం హబ్బుకు, అంటే స్టడ్లు దిగి ఉండే వెనకాలి ఇనుప దిమ్మెకు, అదుముకుంటుంది. బరువు మోసేది, బ్రేకు వేస్తే ఆపేది ఆ రెండు ముఖాల మధ్య రాపిడి.

12 మిల్లీమీటర్ల స్టడ్డును 100 న్యూటన్-మీటర్ల టార్కుతో (తిప్పే బలంతో) బిగించామనుకోండి. మన చేతి శ్రమలో పదింట తొమ్మిది వంతులు మరల్లోనూ నట్టు కిందా రాపిడికే పోతాయి. మిగిలిన ఆ పదో వంతే స్టడ్డును సుమారు 4 టన్నుల బలంతో లాగుతుంది! నాలుగు స్టడ్లూ కలిసి చక్రాన్ని 16 టన్నులతో అదుముతాయి. దుమ్ము, తుప్పు ఉంటాయని రాపిడిని తక్కువగా లెక్కేసుకున్నా, చక్రం హబ్బు మీద జారాలంటే రెండు టన్నులకు పైగా బలం కావాలి. చిన్న కారులో ఒక్కో చక్రం మీద పడే బరువు పావు టన్ను చుట్టుపక్కల ఉంటుంది. చక్రం జారదు కాబట్టి స్టడ్డు వంగదు. తేడా ఉండదు కాబట్టి అలసటా ఉండదు.

ఇంత బలం పుట్టడానికి స్టడ్డు ఎంత సాగుతుందో లెక్కేస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మనం రాసుకునే కాగితం మందంలో సగం. కారు రోడ్డు మీద నిలబడేది ఆ సగం కాగితం పుణ్యాన.

నట్టు వదులైతే ఈ సాగుడు పోతుంది. చక్రం వెంట్రుకవాసి జారుతుంది, ప్రతి చుట్టుకూ స్టడ్డు వంగుతుంది. మితిమీరి బిగించినా అదే గతి: హద్దు దాటి సాగిన స్టడ్డు మళ్ళీ ముడుచుకోదు, స్ప్రింగు గుణం చచ్చిపోతుంది. వీల్ పానా మీద ఎక్కి తొక్కే అలవాటు చాలామందికి ఉంది. 60 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే టార్కు 175 దాటుతుంది. చిన్న కార్లు అడిగేది సాధారణంగా 85 నుంచి 120 లోపే. మీ కారుకు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, అదే చూసుకోండి.

ఇంకో అలవాటు నూనె. బండి ఇరుసుకు కందెన పెట్టిన చేతులు మనవి, మర కనిపిస్తే గ్రీజు రాయాలనిపిస్తుంది. మాన్యువల్ రాయమంటే తప్ప స్టడ్డుకు రాయొద్దు. రాపిడికి పోవలసిన శ్రమ సాగుడులోకి మళ్ళుతుంది. పానా మీద అదే 100 చూపిస్తున్నా, లోపల స్టడ్డు మూడో వంతు ఎక్కువే లాగబడి ఉండొచ్చు.

ఇక మార్చే పని. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వంటి వాటిలో స్టడ్లుండవు, బోల్టులు నేరుగా హబ్బులోకి దిగుతాయి. అక్కడ పని వేరు. మన దగ్గర తిరిగే మారుతి, హ్యుందాయ్, హోండా, టొయోటాల్లో దాదాపు అన్నిటికీ స్టడ్లే. కొనేటప్పుడు పాత ముక్క తీసుకెళ్ళండి. మారుతి స్టడ్డుకు సాధారణంగా మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, మిగతా మూడింటికీ 1.5. చూపుకు తేడా తెలియదు. స్టడ్డు తల దగ్గర పళ్ళలాంటి గాట్లుంటాయి, అవి హబ్బు రంధ్రాన్ని కొరికి పట్టుకుంటాయి. ఆ భాగం మందం కొంచెం తగ్గినా కొత్త స్టడ్డు నట్టుతో పాటే గిరగిరా తిరుగుతుంది.

చదునైన నేల మీద, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి జాకీ ఎత్తాను. ఎత్తాక స్టాండు పెట్టాను. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. దీన్లో మొహమాటం పడొద్దు. చక్రం తీసి, బ్రేకు డిస్కును నొక్కి పట్టే క్యాలిపర్ విప్పి, బైండింగ్ వైరుతో స్ప్రింగుకు కట్టాను. గొట్టం మీద వేలాడదీస్తే బ్రేకు గొట్టం పాడవుతుంది. డిస్కు తుప్పుకు అతుక్కుని రాలేదు. చాలా డిస్కులకు రెండు చిన్న మరల రంధ్రాలుంటాయి, వాటిలో బోల్టులు బిగిస్తే డిస్కు తనంతట తనే బయటికొస్తుంది. నాది అలాగే వచ్చింది.

విరిగిన ముక్కను వెనక్కి కొట్టేయాలి. వీడియోల్లో సుత్తితో నాలుగు దెబ్బలేస్తారు. నాకది ఇష్టం లేదు. హబ్బు వెనకాలే బేరింగుంటుంది. దెబ్బ గుండ్ల గుండా పోయి అవి దొర్లే దారిలో సన్నటి గుంటలు చేస్తుంది. లోహాన్ని గుండుతో నొక్కి గట్టిదనం కొలవడం నేర్పిన స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ పేరు మీద ఆ గుంటలు పడటాన్ని బ్రినెలింగ్ అంటారు. స్టడ్డు మార్చిన నెలకు చక్రం హూ అని మూలగడం మొదలైతే అనుమానించాల్సింది దీన్నే. అందుకే మెకానిక్ దగ్గర ప్రెస్సు క్లాంపు అరువు తెచ్చి నొక్కాను. హబ్బును తిప్పుతూ, వెనక స్టడ్డు బయటపడేంత ఖాళీ ఉన్న చోటు వెతకడానికే పావుగంట పట్టింది.

కొత్తది ఎక్కించడానికి క్లాంపు అక్కర్లేదు. పాత గాట్లకు కొత్త పళ్ళు సరిపెట్టి, వెనక నుంచి దూర్చి, ముందు నాలుగైదు మందపాటి వాషర్లు వేసి, ఒక పాత నట్టును తిరగేసి బిగించాలి. చదునైన వైపు వాషర్లకు తగలాలి. వాషర్ల మధ్య మాత్రం చుక్క గ్రీజు తప్పు కాదు. స్టడ్డు మెల్లగా లోపలికి వస్తుంది, తల హబ్బు వెనక తగలగానే పానా ఒక్కసారిగా బిర్రబిగుస్తుంది. ఆ నట్టు మళ్ళీ వాడొద్దు, దాని మరలు అప్పటికే నలిగిపోయి ఉంటాయి. వెనక చక్రాలకు డ్రమ్ములుండి, హబ్బూ డ్రమ్మూ ఒకటే ముక్కైతే దాన్ని విప్పి లేతు షాపుకు పట్టుకుపోవడమే మేలు.

డిస్కు వెనక్కి ఎక్కించే ముందు హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దాను. అక్కడ పొర కట్టిన తుప్పు, పెయింటు నాలుగు రోజుల్లో నలిగి పల్చబడతాయి. సగం కాగితం సాగుడులో అంత మందం తగ్గితే మిగిలేది ఎంత? నట్లు ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించి, చివర టార్క్ పానాతో (పెట్టిన టార్కు రాగానే టిక్కుమనే పానా) సరిచూశాను. బండి కదిలించే ముందు బ్రేకు పెడలు గట్టిపడేదాకా తొక్కాను.

పనిలో పనిగా మిగతా మూడు స్టడ్లూ ముట్టి చూస్తే, ఒకదాని మరలు సాగి, నట్టు చేత్తో తిరగడం లేదు. అదీ మార్చాను. ఒకటి విరిగిందంటే మిగతావి కూడా అదే వదులులో, అదే గన్ను కింద బతికినవే కదా.

వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ టార్క్ పానా పెట్టాను. పాత రెండూ పెట్టగానే టిక్కుమన్నాయి. కొత్తవి ఒక్కొక్కటీ గడియారంలో పెద్దముల్లు ఒక నిమిషం గీత దాటినంత కదిలి, అప్పుడు టిక్కుమన్నాయి. ఆ కదలికను మర మీద లెక్కేస్తే మిల్లీమీటరులో దాదాపు యాభయ్యో వంతు. సగం కాగితంలో ఇంచుమించు సగం.